ఓటుపెట్టె ఎదుట ప్రజాకవి

ఎన్నికల ఫలితాలు వెలువడిన మరునాటి ఉదయం పత్రిక చేతికి రాగానే అందరి చూపూ మొదట వ్యంగ్యచిత్రం మీదనే పడుతుంది. గెలిచిన నాయకుని మెడ పూలదండలలో కనబడకుండా పోయి ఉంటుంది. ఓడిన నాయకుడు ఓటరు వంక గుర్రుగా చూస్తూ ఉంటాడు. ఓటరు మాత్రం సిరాచుక్క ఆరని వ్రేలితో ఒక మూల నిలబడి ఉంటాడు. మనము నవ్వుకొంటాము, పక్కవానికి చూపిస్తాము, పత్రిక మడిచి పనిలో పడుతాము. కాని బడులలో, కళాశాలలలో పాఠము చెప్పేవారికి ఆ నవ్వుతో పని ముగియదు. ఎవరు గెలిచినా ఇంతే గదా, ఇక ఓటు వేసి ప్రయోజన మేమి అని తొలిసారి ఓటు వేసివచ్చిన విద్యార్థి అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టము. దానికి తన బ్రతుకుతోనే సమాధానము చెప్పిన ఒక మహానుభావుడు మన ఓరుగల్లులో ఉండినాడు. ఆయనే ప్రజాకవి కాళోజీ నారాయణరావుగారు.

వ్యంగ్యచిత్రకళ తెలుగువారికి మరీ ప్రాచీనమైనది కాదు. తలిశెట్టి రామారావుగారు ఈ కళకు తెలుగున ఆద్యులని చెప్పుకొంటాము. ఆ పిదప బాపుగారి వంటివారు పత్రికలలో దానికి పెద్దపీట వేసినారు. దేశము మొత్తము మీద చూచినచో శంకర్ పేరు మొదట చెప్పవలసి ఉంటుంది. 1948లో ఆయన ప్రారంభించిన వారపత్రిక ఢిల్లీ ఏలికలను రెండు దశాబ్దాలకు పైగా నవ్విస్తూనే గిల్లింది. కాళోజీగారు కుంచె పట్టినవారు కారు. అయినను ఆయన చిన్న గేయము ఏది తీసికొని చూచినా అది మాటలతో గీసిన వ్యంగ్యచిత్రమే. చిత్రకారుడు ఒక ముక్కునో, ఒక టోపీనో పెద్దది చేసి మనిషి గుణమంతా అందులో చూపిస్తాడు. కాళోజీగారు ఒక మాటను పట్టుకొంటారు. దానిని రెండు మూడు మార్లు తిప్పి వేస్తారు. నాలుగవ మారు ఆ మాట తిరగబడి చెప్పినవాని మీదికే వస్తుంది. వేమన్న తరువాత తెలుగు పద్యపాదానికి ఇట్టి చురుకు ఇంత విరివిగా అబ్బినది తక్కువ.

ఇంతటి తెలుగు పలుకుబడి ఆయనకు పుట్టుకతో వచ్చిన దనుకొంటే పొరబాటు. కాళోజీగారు 1914 సెప్టెంబరు 9న నేటి కర్ణాటకలోని బీజాపూరు ప్రాంతపు రట్టిహళ్లి గ్రామములో జన్మించినారు. తండ్రి రంగారావుగారు మహారాష్ట్రులు, తల్లి రమాబాయమ్మగారు కన్నడిగులు. కుటుంబము వరంగల్లు చెంతనున్న మడికొండకు వచ్చి స్థిరపడింది. ఇంటిలో మరాఠీ, కన్నడము, బడిలో నిజాము ప్రభుత్వపు ఉర్దూ, వీధిలో తెలుగు. అన్నగారు రామేశ్వరరావుగారు న్యాయవాది, షాద్ అను కలము పేరుతో ఉర్దూ కవిత్వము వ్రాసినవారు. తమ్ముడు సంపాదన మాట తలపెట్టక ప్రజల పనిలో తిరుగుటకు ఆ అన్న నీడయే ఆధారమైనది. కాళోజీగారు మడికొండలోను, హనుమకొండలోను, హైదరాబాదులోను చదివి న్యాయశాస్త్ర పట్టమును పొందినారు. కాని ఆ పట్టమును జీవనోపాధికి వినియోగించుకోలేదు. వకాల్తా పుచ్చుకొన్నది జనము పక్షాననే.

ఇన్ని భాషల నడుమ పెరిగిన మనిషి కనుకనే ఏ భాష ఎవరిది, ఎవరి నోరు ఎవరు నొక్కుతున్నారు అన్న సంగతి ఆయనకు చిన్ననాడే తెలిసివచ్చినది. ఆ రోజులలో హైదరాబాదు సంస్థానములో తెలుగువాడు సభలో తెలుగున మాట్లాడుటయే సాహసము. 1921లో హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సభలో తెలుగున ప్రసంగింపబోయిన ఒక న్యాయవాదిని గేలిచేసి కూర్చోబెట్టినారు. ఆ అవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. సభ పెట్టవలెనన్న ముందుగా ప్రభుత్వము అనుమతి కావలెనని గస్తీ తిర్పన్ అను ఉత్తరువు ఉండినది. అందుచేత గ్రంథాలయమే సభాస్థలమయినది. హనుమకొండలో 1904లోనే వెలసిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వంటి చోట్ల పత్రిక చదువుటయు రాజకీయమే అయినది. కాళోజీగారి యౌవనము ఆ గ్రంథాలయోద్యమములో, ఆర్యసమాజములో, ఆంధ్రమహాసభలో, స్టేట్ కాంగ్రెసులో గడచినది. జైలుకు పోవుటయు అందులో ఒక భాగమయినది.

ఆ కాలపు సంఘటనలు రెండు వరంగల్లు కోటతో ముడిపడి ఉన్నవి. అక్కడ సారస్వత పరిషత్తు సభలకు వేసిన పందిరిని గిట్టనివారు తగులబెట్టినారు. సభ ఆగిపోవుననుకొన్నారు. కాళోజీగారు, దాశరథిగారు మొదలగువారు పట్టుబట్టి ఆ బూడిద మీదనే కవితాగోష్ఠి జరిపించినారు. రెండవది 1946 ఆగస్టు 11నాటిది. కోటలో జాతీయపతాకము ఎగురవేసిన సందర్భములో రజాకార్లు బత్తిని మొగిలయ్యగారిని పొట్టన పెట్టుకొన్నారు. కాళోజీగారికి నగర బహిష్కార శిక్ష పడినది. అప్పుడు సంస్థానపు ప్రధానిగా నున్న సర్ మీర్జా ఇస్మాయిల్‌నే సంబోధించి ఆయన కవిత వ్రాసినారు. ఇక్కడ పాఠకులు గమనింపవలసిన విషయము ఒకటున్నది. కవి బాధను ఆకాశానికో, విధికో చెప్పుకోలేదు. అధికారము ఎవరి చేతిలో ఉన్నదో వానిని పేరుపెట్టి పిలిచి అడిగినారు. వ్యంగ్యచిత్రకారుని మొదటి లక్షణము ఇదే. బొమ్మలోని ముఖము ఎవరిదో చూచినవానికి తెలిసి తీరవలెను.

1948 సెప్టెంబరు 17న నిజాము పాలన కూలిపోయినది. మూడేండ్లు తిరిగేసరికి దేశమంతట మొదటి సాధారణ ఎన్నికలు వచ్చినవి. 1951 చివరను మొదలై 1952 ఆరంభము వరకు జరిగిన ఆ ఎన్నికలలో పదిహేడు కోట్ల మందికి పైగా ఓటు హక్కు పొందినారు. అందులో అక్షరము రానివారే అధికము. కనుక ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దాని మీద ఒక గుర్తు. ఓటరు తనకు నచ్చిన గుర్తు ఉన్న పెట్టెలో చీటి వేసి రావలెను. దొర గడి ముందు చెప్పులు చేతపట్టుకొని నడచిన రైతు, ఆ దొరతో సమానముగా ఒక్క చీటి పట్టుకొని వరుసలో నిలబడినాడు. ఆ దృశ్యము కొరకే జైళ్లకు పోయినవారికి అంతకంటె పండుగ ఏమి కావలెను?

ఆ పండుగలో కాళోజీగారు వరంగల్లు లోక్‌సభ స్థానమునకు కాంగ్రెసు పక్షాన నిలబడినారు, ఓడిపోయినారు. గెలిచినవారు ప్రజాస్వామ్య పక్షము నుండి నిలబడిన కమ్యూనిస్టు నాయకులు పెండ్యాల రాఘవరావుగారు. ఓరుగల్లు జనము కాళోజీని ఎరుగక ఓడించినారని చెప్పుటకు వీలులేదు. సాయుధ పోరాటము విరమించి అప్పటికి కొన్ని నెలలే అయినది. పల్లెలలో ఆ త్యాగముల జ్ఞాపకము పచ్చిగా ఉన్నది. పోలీసు చర్య పిదప సైన్యము, పోలీసులు జరిపిన వేట కూడ పల్లె మరువలేదు. పొరుగున నల్లగొండలో రావి నారాయణరెడ్డిగారు నెహ్రూగారి కంటె మిన్నగా ఓట్లు పొందినది ఆ ఎన్నికలలోనే. కాళోజీగారు మనిషిగా జనము మనిషే. నిలబడిన గుర్తు మాత్రము ఆ నాటి పల్లె కోపానికి గురియైనది.

ఓడిన అభ్యర్థి సాధారణముగా రెండు పనులలో ఒకటి చేస్తాడు. జనమును తిట్టుకొంటాడు, లేదా వచ్చే ఎన్నికకు వెంటనే బేరసారాలు మొదలుపెడతాడు. కాళోజీగారు మరునాడు నుండి మరల తన వీధిలోనే ఉన్నారు. ఆశాభంగమునకు కారణములు మాత్రము త్వరలోనే కనిపించినవి. ప్రజలెన్నుకొన్న తొలి ప్రభుత్వము గద్దెనెక్కిన కొన్ని నెలలకే, స్థానికులకు రావలసిన ఉద్యోగాలు బయటివారికి పోతున్నవని వరంగల్లు విద్యార్థులు వీధికెక్కినారు. 1952 సెప్టెంబరులో ఆ ముల్కీ ఆందోళన హైదరాబాదుకు ప్రాకి, అక్కడ సిటీ కళాశాల వద్ద పోలీసు కాల్పులకు దారితీసినది. రాజు పోయినాడు, తుపాకి పోలేదు. ఓటు వేసి ఎన్నుకొన్న ప్రభుత్వము కూడ కాల్చగలదని పిల్లలు నేర్చుకొన్న తొలి పాఠము అది.

ఆ మరుసటి సంవత్సరము 1953లో కాళోజీగారి కవితాసంపుటి 'నా గొడవ' వెలువడినది. అలంపురములో జరిగిన సారస్వత పరిషత్తు సభలలో శ్రీశ్రీగారు దానిని ఆవిష్కరించి, కాళోజీగారిని ఫ్రాన్సు దేశపు కవి లూయీ అరగాన్‌తో పోల్చినారు. అరగాన్ శత్రుసేనలు తన దేశమును ఆక్రమించిన దినములలో కవిత్వమును ఆయుధముగా పట్టినవాడు. ఆ పోలిక కంటెను నాకు ఆ గ్రంథము పేరు ఎక్కువ అర్థవంతముగా తోస్తుంది. పత్రికలోని వ్యంగ్యచిత్రము చూచినపుడు మనము బయట నిలబడి నవ్వుతాము. అక్కడి వెధవపనులన్నీ వారివి, మనవి కావు. కాళోజీగారు దేశపు గొడవకు తన పేరు పెట్టుకొన్నారు. అన్నము లేనివాని గొడవ, ఉద్యోగము పోయినవాని గొడవ, మాట తప్పిన మంత్రి గొడవ, ఓటు అమ్ముకొన్నవాని గొడవ, అన్నియు నావే అన్నాడు కవి. ఆ ఒక్క మాటతో చూచేవాడు కూడ బొమ్మలోకి వచ్చి నిలబడినాడు.

ఎన్నికల మీద ఆయన వ్రాసిన గేయాలు ఉపాధ్యాయులు తప్పక చదువదగినవి. వాటిలో నాయకునికి ఎన్ని చురకలున్నవో ఓటరుకు అన్ని ఉన్నవి. చీటి వేయునపుడు ఆలోచింపక, కులమో డబ్బో మొగమాటమో చూచి వేసివచ్చి, పిదప ఐదేండ్లు నెత్తి కొట్టుకొనువానిని చూచి ఆయన జాలిపడలేదు, మందలించినారు. ఈ మందలింపు పరాయివానిది కాదు. ఇంటి పెద్ద పిల్లవానిని కోపపడినట్లుంటుంది. అందుకే ఓటరుకు కోపము రాలేదు. ఆయన వాడిన భాష కూడ ఇందుకు తోడ్పడినది. పుస్తకముల తెలుగు వచ్చి ఉండియు ఆయన దానిని పక్కకు పెట్టినారు. సంతలో, బావికట్ట వద్ద, కచ్చేరి అరుగు మీద వినబడు తెలంగాణపు పలుకుబడిలో వ్రాసినారు. ఆ యాస విని నవ్వేవారున్న రోజులవి. ఆ నవ్వును ఆయన లెక్కచేయలేదు. ఎవరిని గూర్చి వ్రాస్తున్నామో వారికి అర్థము కాని వ్యంగ్యము ఎందుకు?

1958 నుండి 1960 వరకు కాళోజీగారు ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యులుగా ఉన్నారు. వెలుపల నుండి చూచిన సభను లోపల నుండి కూడ చూచుటకు అవకాశము కలిగినది. పదవి వచ్చిన పిదప నోరు మెత్తబడినవారిని మనము ఎందరినో ఎరుగుదుము. ఆయన విషయములో అట్లు జరుగలేదు. పదవి ముగిసిన పిదప హనుమకొండ వీధులలో మునుపటి వలెనే నడచి తిరిగినారు. దారిన పోవు విద్యార్థిని ఆపి యోగక్షేమము అడుగుట, సభలో మాట్లాడుతూ మాట్లాడుతూ కంటతడి పెట్టుట, అన్యాయము కనబడితే ఎంతవాని మీదనైనా కేకలు వేయుట ఆయన స్వభావములు. కంటనీరు, కోపము ఒకే మనిషిలో ఇంత దగ్గరగా ఉండుట అరుదు. ఈ నడుమ ఆయన సాహిత్యకృషి కూడ ఆగలేదు. ఖలీల్ జిబ్రాన్ ప్రసిద్ధ కావ్యమును 'జీవనగీత' పేరున 1968లో తెలుగు చేసినారు.

ఇక ఆయన జీవితములోని కష్టమైన మలుపు చెప్పవలసి ఉన్నది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడుటకు ముందు కాళోజీగారు విశాలాంధ్రను కోరినవారు. తెలుగువారందరు ఒక్కటి కావలెనని మనసార నమ్మినారు. ఒప్పందములు కాగితము మీదనే ఉండిపోయినవని, తెలంగాణకు న్యాయము జరుగలేదని తెలిసివచ్చిన పిదప 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమములోకి వచ్చినారు. నిన్న ఒకటి కోరి నేడు మరొకటి కోరుట రాజకీయ నాయకునికి సిగ్గుపడవలసిన పని. అతడు నిన్నటి మాట అననే లేదని బుకాయిస్తాడు. కాళోజీగారు ఆ సంగతి దాచుకోలేదు. తన ఆశ మోసపోయినదని అందరి ఎదుట ఒప్పుకొన్నారు. ఇతరుల తప్పులను బొమ్మకట్టే వానికి తన తప్పును కూడ అదే గోడ మీద వ్రేలాడదీయు ధైర్యము ఉండవలెను. అది లేనినాడు వ్యంగ్యము వట్టి ఎత్తిపొడుపు అయిపోతుంది.

ఆ ఉద్యమము వెంటనే దేశములో మరొక సాధారణ ఎన్నిక వచ్చినది. 1971లో తెలంగాణలోని పదునాలుగు లోక్‌సభ స్థానాలలో పదింటిని తెలంగాణ ప్రజాసమితి గెలుచుకొన్నది. ప్రజల తీర్పు ఇంత స్పష్టముగా వచ్చినది గదా, ఇక రాష్ట్రము వచ్చినట్లే అనుకొన్నారు జనము. ఆ సంవత్సరమే ప్రజాసమితి కాంగ్రెసులో కలిసిపోయినది. ఓటు ఓడిపోవుట ఒక దుఃఖము. గెలిచిన ఓటు చేజారిపోవుట అంతకు మించిన దుఃఖము. 1952లో ఓడినది కాళోజీగారొక్కరే. 1971లో గెలిచియు ఓడినవారు లక్షలాది ఓటర్లు. తెలంగాణలో ఒక తరము యువకులకు ఎన్నికల మీద నమ్మకము సడలుటకు ఇది ఒక ముఖ్యకారణము. కొందరు ఇంటికి పోయినారు, కొందరు అడవికి పోయినారు. కాళోజీగారు ఇంటికి పోలేదు, అడవికిని పోలేదు. ఊరి నడుమనే ఉండి మాట్లాడుతూ వచ్చినారు. ప్రత్యేక రాష్ట్రము కావలెనను మాటను కడవరకు విడువలేదు.

1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి వచ్చినది. పత్రికలకు ముందస్తు పరిశీలన, నాయకులకు జైలు, సామాన్యునికి భయము. శంకర్ తన వారపత్రికను ఆ ఆగస్టులోనే ఆపివేసినారు. అబూ అబ్రహాం గీసిన ఒక చిత్రములో రాష్ట్రపతి స్నానపు తొట్టిలో నుండియే ఆర్డినెన్సుల మీద సంతకములు చేస్తుంటారు. ఆ బొమ్మ ఆ డిసెంబరులో పత్రికలో అచ్చయి నేటికిని ఆ కాలమునకు గుర్తుగా నిలిచిపోయినది. అటువంటి దినములలో కాళోజీగారు ఎమర్జెన్సీని ఎదిరించి కవితలు వ్రాసినారు. అప్పటికి ఆయనకు అరువదేండ్లు దాటినవి. నిజాము కాలములో జైలు చూచినవానికి స్వతంత్ర భారతములో జైలు భయము చూపితే నవ్వు రాక ఏమి వస్తుంది?

1977 మార్చిలో లోక్‌సభ ఎన్నికలు జరిగినవి. ఉత్తరదేశమంతట ఓటరు ఎమర్జెన్సీకి బుద్ధిచెప్పినాడు. ప్రధానమంత్రియే తన స్థానములో ఓడిపోయినారు. అదే ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌లోని నలుబది రెండు స్థానాలలో నలుబది యొకటి కాంగ్రెసుకే దక్కినవి. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. అక్కడ నీలం సంజీవరెడ్డిగారు జనతా పక్షాన గెలిచినారు. ఢిల్లీలో పండుగ, మన ఊరిలో నిశ్శబ్దము. ఎమర్జెన్సీని ఎదిరించిన తెలుగువానికి తన సొంత జనము తనను విననట్లే తోచి ఉండవలెను. ఇంతకంటె పెద్ద ఆశాభంగము ఉండదు.

అయితే ఆ నిశ్శబ్దములో ప్రశ్నలు మిగిలే ఉన్నవి. ఎమర్జెన్సీ కాలములో ఎదురుకాల్పుల పేరిట అడవులలో చంపబడిన యువకుల సంగతి విచారించుటకు న్యాయమూర్తి తార్కుండే అధ్యక్షతన 1977లో ఒక పౌరసంఘము ఏర్పడినది. కాళోజీగారు అందులో సభ్యులు. మెదకు జిల్లా గిరాయిపల్లి అడవిలో కాల్చివేయబడిన విద్యార్థుల ఉదంతము దేశము దృష్టికి వచ్చినది ఆ సంఘపు కృషి వల్లనే. చంపబడినవారి మార్గము వేరు, కాళోజీగారి మార్గము వేరు. అయినను ప్రాణము తీయు హక్కు ప్రభుత్వానికి ఎవరిచ్చినారని అడుగుటకు మార్గముతో పనిలేదని ఆయన తలచినారు.

ఆ పిదప వచ్చిన శాసనసభ ఎన్నికలలో కాళోజీగారు చేసిన పని అప్పటివారికి వింతగా తోచినది. తన ఊరు, తన జిల్లా విడిచి ఖమ్మము జిల్లా సత్తుపల్లికి పోయి నామినేషను వేసినారు. అక్కడ అభ్యర్థి సాక్షాత్తు ముఖ్యమంత్రి జలగం వెంగళరావుగారు. ఎమర్జెన్సీ నాటి పాలన ఆయన చేతి మీదుగా జరిగినది. కాళోజీగారి వద్ద డబ్బు లేదు, వెనుక బలగము లేదు, గెలుపు మీద ఆశ కూడ ఉండి ఉండదు. ఓడిపోయినారు. ఆ ఓటమిని లెక్కలలో చూచినవారికి అది ఒక ముసలి కవి పంతముగా కనబడుతుంది. కాని ప్రజాస్వామ్యములో పాలకుని ప్రశ్నించుటకు అందరికంటె సూటియైన చోటు అతని సొంత నియోజకవర్గమే గదా. తన జీవితమంతట మాటలతో గీసిన వ్యంగ్యచిత్రమును కాళోజీగారు ఈ సారి తన దేహముతో గీసినారు. ఒక వైపు అధికారము, వాహనములు, జెండాలు. మరొక వైపు ఒక చేతిసంచితో ఒక కవి. ఈ బొమ్మకు కింద మాట వ్రాయవలసిన అవసరము లేదు.

రెండు ఎన్నికలలో ఓడిన ఈ మనిషి ఓటు అను పద్ధతినే వెక్కిరించి ఉండవచ్చును. ఆయన అనుభవము అందుకు కావలసినంత సామగ్రి ఇచ్చినది. కాని ఆయన రచనలు చూడండి. ఓటు కొనువాని మీద కోపమున్నది, అమ్ముకొనువాని మీద కోపమున్నది, గెలిచి మరచిపోవువాని మీద మరింత కోపమున్నది. ఓటు మీద మాత్రము కోపము లేదు. పందిరి తగులబెట్టినవాని కాలమును ఆయన చూచినారు. సభ పెట్టుటకు అనుమతి అడుగవలసిన దినములు ఆయనకు పుస్తకములో చదివినవి కావు. అందుచేత ఆ చీటి విలువ ఎంతో ఆయనకు తెలుసు. దాని చేత మోసపోయినపుడు కూడ దానిని పారవేయుమని చెప్పలేదు.

కడపటి సంవత్సరములలో గౌరవములు వెదకుకొంటూ వచ్చినవి. 1992లో భారత ప్రభుత్వము పద్మవిభూషణ్ బిరుదము నిచ్చినది. హనుమకొండలో చదువుకొన్న పి.వి. నరసింహారావుగారు అప్పుడు ప్రధానమంత్రి. కాకతీయ విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు నిచ్చినది. 1995లో 'ఇదీ నా గొడవ' పేరున ఆత్మకథ వెలువడినది. బిరుదులు వచ్చిన పిదపను ఆయన ఎవరి పక్షాన మాట్లాడవలెనో వారి పక్షాననే మాట్లాడినారు. 2002 నవంబరు 13న కన్నుమూసినారు. ఆయన దేహమును కాకతీయ వైద్యకళాశాలకు అప్పగించినారు. బ్రతికినంత కాలము తన గొడవను జనమున కిచ్చినవాడు, పోయిన పిదప మేనును విద్యార్థుల కిచ్చినాడు.

ఆయన కోరిన తెలంగాణ రాష్ట్రము 2014 జూన్ 2న, ఆయన పోయిన పన్నెండేండ్లకు ఏర్పడినది. ఆయన పుట్టినదినము తెలంగాణ భాషాదినోత్సవమయినది. ఒకనాడు నవ్వులపాలైన యాస పేరిట నేడు బడులలో పండుగ జరుగుతున్నది. వరంగల్లులోని ఆరోగ్య విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టినారు. హనుమకొండలో ఆయన పేర నిర్మించిన కళాక్షేత్రము 2024 నవంబరులో తెరువబడినది. ఇవన్నియు సంతోషింపదగినవే. అయితే పేరు పెట్టుట సులభము, ఆ పేరుగలవాడు అడిగిన ప్రశ్న వినుట కష్టము. సెప్టెంబరు తొమ్మిదిన విగ్రహమునకు పూలదండ వేయు నాయకుడు ఆ సాయంత్రము ఆయన ఎన్నికల గేయము ఒక్కటి చదివినచో దండ వేసిన చేయి కొంచెము వణకక మానదు.

ఇక మొదట చెప్పిన విద్యార్థి ప్రశ్నకు వద్దాము. ఓటు వేసి ప్రయోజనమేమి అని అడిగిన పిల్లవానికి కాళోజీగారి జీవితము చెప్పు సమాధానము ఇట్లుంటుందని నేననుకొంటాను. ఎన్నిక ఫలితము వచ్చిన దినము పని ముగిసే దినము కాదు. ఓటు ఒక్క నిమిషము పని. దానికి వెనుక ఆలోచన, దాని తరువాత కాపలా, ఈ రెండును మిగిలిన ఐదేండ్ల పని. పత్రికలోని వ్యంగ్యచిత్రమును చూచి నవ్వుట తప్పు కాదు. నవ్విన పిదప ఆ బొమ్మలో మూల నిలబడిన సిరా వ్రేలి మనిషి ఎవరో తేరిపార చూడవలెను. అతడు మనమే అని గుర్తుపట్టిన వాడు ఇక ఊరకుండలేడు. ఆశాభంగము వానికిని కలుగుతుంది, కాని వాడు దానిని చల్లారనీయక గొడవగా మార్చుకొంటాడు. తరగతి గదిలో సెప్టెంబరు తొమ్మిదిన ఉపన్యాసములు ముగిసిన పిదప, పిల్లలచేత ఆ రోజు పత్రికలోని వ్యంగ్యచిత్రము ఒకటి చదివించి, అందులో తమ స్థానమెక్కడనో వారినే చూపించుమనుట మంచి పాఠము. ఓరుగల్లు ప్రజాకవికి ఉపాధ్యాయుడు ఇయ్యగల నివాళి అంతకు మించి లేదు.